సోలార్ అమ్మకాల కాల్స్‌ను ఏఐతో విశ్లేషిస్తున్నాం, అందరికీ పదికి ఏడే వస్తున్నాయి: ప్రాంప్ట్ ఎలా రాయాలి?

ప్రశ్న: ఇంటి డాబాలపై సోలార్ ప్యానెళ్లు బిగించే చిన్న సంస్థ నిర్వాహకుడు, తూర్పు గోదావరి

సభ్యులందరికీ నమస్కారం. ఇంటి సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైనప్పటి నుంచి మాకు ఫోన్ విచారణలు బాగా పెరిగాయి. మా ఆరుగురు టెలికాలర్లు రోజూ మాట్లాడే కాల్స్ అన్నీ నేనొక్కడినే కూర్చుని వినడం సాధ్యం కావడం లేదు. అందుకని మూడు నెలల క్రితం రెండు సాధనాలు తీసుకున్నాము. ఒకటి రికార్డింగును తెలుగు అక్షరాలలోకి మారుస్తుంది, రెండవది ఆ ట్రాన్స్‌క్రిప్ట్‌ను చదివి మనం అడిగిన ప్రశ్నలకు జవాబు చెబుతుంది.

ఆ రెండవ సాధనానికి సూచనగా నేను రాసుకున్న ప్రాంప్ట్ ఇది: "మీరు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న సేల్స్ మేనేజరు. ఈ కాల్‌ను క్షుణ్ణంగా విశ్లేషించి, కస్టమరుకు ఆసక్తి ఉందో లేదో చెప్పండి. టెలికాలర్ పనితీరుకు పదికి మార్కులు వేయండి. మెరుగుపరుచుకోవలసిన అంశాలు సూచించండి."

వస్తున్న జవాబులు చదవడానికి ఎంతో ముచ్చటగా ఉంటాయి కానీ పనికి రావడం లేదు. ఎవరు మాట్లాడినా మార్కులు ఏడు లేదా ఎనిమిది. అదే కాల్‌ను మరుసటి రోజు మళ్లీ ఇస్తే ఆరు. "కస్టమరు పట్ల మరింత సానుభూతి చూపవలసింది" అన్న సలహా దాదాపు ప్రతి కాల్‌కూ వస్తోంది. "సరే అండీ, చూద్దాం లెండి" అని ఫోన్ పెట్టేసిన పెద్దాయనను బలమైన ఆసక్తి ఉన్నవారి జాబితాలో చేర్చింది. ఒక కాల్‌లోనైతే బ్యాంకు రుణం ప్రస్తావనే రాలేదు, అయినా రుణం గురించి వివరంగా చర్చించారని సారాంశంలో రాసింది. సాధనం మార్చుకోవాలా, లేక నేను అడుగుతున్న తీరే తప్పా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు 1: కాల్ సెంటర్ నాణ్యత విభాగంలో పనిచేసే వ్యక్తి, హైదరాబాద్

సాధనం మార్చే ముందు ప్రాంప్ట్ మార్చి చూడండి. మీ ప్రాంప్ట్‌లో ఇరవై ఏళ్ల అనుభవం అన్న మాట ఉంది కానీ ఆ అనుభవం లేదు. మీరు స్వయంగా ఒక కాల్ వింటే, ఫలానావారు కొనేవారు, ఫలానావారు మర్యాదకు మాట్లాడినవారు అని రెండు నిమిషాలలో తేల్చేస్తారు కదా. దేన్ని బట్టి తేలుస్తున్నారో ఒక కాగితం మీద రాయండి, అదే మీ ప్రాంప్ట్. చాలామంది ఈ పని చేయకుండా "క్షుణ్ణంగా", "లోతుగా" వంటి విశేషణాలు చేర్చుకుంటూ పోతారు. వాటి వల్ల జవాబు పొడుగవుతుందే తప్ప పదును రాదు.

మీ వ్యాపారాన్నే తీసుకుందాం. మన వాళ్లు ముఖం మీద వద్దని చెప్పరు. "సరే అండీ" అనేది చాలాసార్లు ఫోన్ పెట్టేయడానికి వాడే మాట. అందుచేత ఆసక్తిని కస్టమరు అన్న మాటల నుంచి కాక, చేసిన లేదా చేస్తానని ఒప్పుకున్న పని నుంచి కొలవమని చెప్పండి. కరెంటు బిల్లు ఫోటో వాట్సాప్‌లో పంపారా? సర్వీసు నంబరు చెప్పారా? డాబా చూడడానికి మనిషిని పంపమని రోజు చెప్పారా? వాటర్ ట్యాంకు నీడ పడుతుందేమో, ఇంటి పైన ఇంకో అంతస్తు వేస్తే ప్యానెళ్ల సంగతి ఏమిటి వంటి, తన ఇంటికే సంబంధించిన ప్రశ్న తానుగా అడిగారా? ఇవేవీ లేకుండా ఎంత తీయగా మాట్లాడినా అది ఆసక్తి కాదని ప్రాంప్ట్‌లోనే రాయాలి.

రెండవది, మార్కులు. పదికి ఎన్ని అని అడిగితే ఏడు అని చెప్పడం యంత్రానికే కాదు, మనిషికీ అలవాటే. ఏడుకూ ఎనిమిదికీ తేడా ఏమిటో మీరు చెప్పలేదు కాబట్టి అది ఊహించుకుంటుంది, ఊహ రోజుకొక రకంగా ఉంటుంది. మార్కుల స్థానంలో అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు పెట్టండి. నెలవారీ బిల్లు ఎంత వస్తుందో టెలికాలర్ అడిగారా, ఇల్లు సొంతమా అద్దెదా అని అడిగారా, తరువాత ఎప్పుడు ఎవరు ఫోన్ చేయాలో కాల్ ముగిసేలోగా తేలిందా. ఇలాంటివి ఐదారుకు మించవద్దు. ఇరవై ప్రశ్నలు ఒకేసారి అడిగితే చివరివాటికి జవాబులు మొక్కుబడిగా వస్తాయని నా అనుభవం.

మూడవది, లేని రుణం చర్చ ఎక్కడి నుంచి వచ్చిందంటారా? సోలార్ కాల్ అనగానే సాధారణంగా అందులో ఏముంటుందో ఆ సాధనానికి తెలుసు కాబట్టి ఖాళీని నింపేసింది. దీనికి మందు రుజువు అడగడమే. నేనైతే ఇలా రాస్తాను:

"కింద ఇచ్చినది ఇంటి సోలార్ కొనుగోలు గురించి టెలికాలర్, కస్టమరు మాట్లాడుకున్న కాల్ ట్రాన్స్‌క్రిప్ట్. కస్టమరు ఈ నాలుగింటిలో ఏవి చేశారో చెప్పు: కరెంటు బిల్లు లేదా సర్వీసు నంబరు ఇవ్వడం, ఇల్లు చూడడానికి రోజు లేదా నెల చెప్పడం, తన ఇంటి గురించి తానుగా ప్రశ్న అడగడం, నిర్ణయంలో భాగమయ్యే మరో వ్యక్తితో మాట్లాడించడం. ప్రతిదానికీ 'ఉంది', 'లేదు', 'స్పష్టంగా లేదు' అన్న మూడింటిలో ఒకటే జవాబుగా ఇవ్వు. 'ఉంది' అంటే కస్టమరు అన్న వాక్యాన్ని ఒక్క అక్షరం మార్చకుండా, సమయంతో సహా చూపించు. చూపించలేకపోతే 'ఉంది' అని రాయవద్దు. సరే, చూద్దాం, ఆలోచిస్తాం అన్న మాటలు మాత్రమే ఉంటే అన్నిటికీ 'లేదు' అని రాయి. సలహాలు, ప్రశంసలు వద్దు."

చివరి వాక్యాన్ని తేలికగా తీసుకోవద్దు. సానుభూతి సలహా ప్రతి కాల్‌కూ రావడానికి కారణం మీరు ప్రతి కాల్‌కూ సలహా అడగడమే.

ఇంకొక మాట. విదేశీ సంస్థల నమూనా ప్రాంప్టులు అంతర్జాలంలో కుప్పలుగా దొరుకుతాయి. వాటిలో చాలావరకు బడ్జెట్, అధికారం, అవసరం, గడువు అన్న నాలుగింటి చుట్టూ తిరుగుతాయి. ఐబీఎం సంస్థ నుంచి వచ్చిన పద్ధతి అది, కంపెనీలు కంపెనీలకు అమ్మే చోట బాగానే నడుస్తుంది. మన ఇళ్లలో "నిర్ణయాధికారి ఎవరు" అని అడిగితే ఏం తేలుతుంది? ఫోన్ ఎత్తింది నాన్నగారు, డబ్బు పంపేది డాలస్‌లో ఉన్న కొడుకు, డాబా మీద వడియాలు ఎండబెట్టుకోవడానికి చోటు పోతుందని అడ్డు చెప్పేది అమ్మగారు. "మా అబ్బాయిని అడిగి చెప్తాను" అన్న మాట ఒక ఇంట్లో తప్పించుకోవడం, మరో ఇంట్లో అసలైన తదుపరి మెట్టు. అబ్బాయి ఎప్పుడు ఫోన్ చేస్తాడో, అతని నంబరు ఏమిటో చెప్పారా అన్నదే రెంటినీ విడదీస్తుంది.

జవాబు 2: భాషా సాంకేతిక రంగంలో పనిచేసే ప్రోగ్రామరు, బెంగళూరు

పై జవాబుతో ఏకీభవిస్తూనే, దానికి ముందు జరగవలసిన పని ఒకటి గుర్తుచేస్తాను. ఏఐ మీ కాల్ వినలేదు, ట్రాన్స్‌క్రిప్ట్ చదివింది. కాబట్టి ఒక పది కాల్స్‌ను ట్రాన్స్‌క్రిప్ట్ ముందు పెట్టుకుని మీరే వినండి. సగం సమస్య అక్కడే బయటపడుతుంది.

తెలుగులో ప్రశ్నకూ, మామూలు వాక్యానికీ తేడా తరచుగా చివరి అచ్చులోనే ఉంటుంది. "సబ్సిడీ ముందే తగ్గుతుందా" అని, అంటే కట్టే సొమ్ములోంచి ముందే తీసేస్తారా అని కస్టమరు అడిగితే, ఫోన్ లైనులో ఆ చివరి దీర్ఘం వినబడకుండా పోయి "సబ్సిడీ ముందే తగ్గుతుంది" అని నమోదవుతుంది. దానికి తోడు ఎవరు మాట్లాడారో సాధనం తారుమారు చేసిందంటే, అమాయకంగా అడిగిన ప్రశ్న కాస్తా మీ టెలికాలర్ చేసిన తప్పుడు వాగ్దానంగా మారిపోతుంది. వ్యతిరేకార్థమూ అంతే, "కట్టగలం", "కట్టలేం" అన్నవాటి మధ్య ఉన్న దూరం ఎంత? ఇక పెద్దవాళ్లు వింటున్నామని తెలియడానికి అనే "ఆఁ", "ఊఁ" అన్నవాటిని కొన్ని సాధనాలు "అవును" అని రాసేస్తాయి. ప్రాంప్ట్‌లో "ఒంటరిగా వచ్చిన అవును, ఆఁ, ఊఁ అన్నవాటిని అంగీకారంగా లెక్కించవద్దు" అని ఒక వాక్యం చేర్చండి. "ఒక వాక్యం ప్రశ్నో కాదో తెలియకపోతే దాని తరువాతి జవాబును చూసి నిర్ణయించు, అప్పటికీ తేలకపోతే స్పష్టంగా లేదని రాయి" అని మరొకటి.

ఎవరు మాట్లాడారన్న చిక్కుకు ప్రాంప్ట్‌లో మందు లేదు. మీ ఫోన్ వ్యవస్థ ఇద్దరి గొంతులనూ ఒకే ట్రాక్‌లో కలిపి రికార్డు చేస్తోందేమో చూడండి. విడివిడి చానెళ్లలో రికార్డు చేసే వీలుంటే అది పెట్టించుకోండి. తెలుగులో కర్త లేకుండానే మాట్లాడతాము కదా, "వాట్సాప్‌లో పంపిస్తాను" అన్న వాక్యం విడిగా చూస్తే కొటేషన్ పంపే టెలికాలర్ది కావచ్చు, బిల్లు పంపే కస్టమరుది కావచ్చు. మీరు ఆసక్తికి పెట్టుకున్న కొలమానం మొత్తం ఆ ఒక్క మాట ఎవరిదన్న దాని మీదే నిలబడి ఉంది.

ప్రాంప్ట్ మొదట్లో మీ వ్యాపారపు పదాల పట్టిక చిన్నది ఒకటి ఇవ్వండి. నెట్ మీటర్ (గ్రిడ్‌కు ఇచ్చిన, గ్రిడ్ నుంచి తీసుకున్న కరెంటును లెక్కించే మీటరు), డీసీఆర్ ప్యానెల్ (దేశీయంగా తయారైనది), ఇన్వర్టర్, కిలోవాట్, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వంటి మాటలు ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఏయే వికృత రూపాలలో కనిపిస్తున్నాయో ఆ పది కాల్స్ చూస్తే మీకే తెలుస్తుంది, ఆ రూపాలనూ పక్కన రాయండి. అంకెల విషయంలో మాత్రం దిద్దమని అడగవద్దు. "డెబ్భై ఎనిమిది వేలు" అన్నది "డెబ్భై, ఎనిమిది వేలు" అని పడితే, దాన్ని సరిచేసే స్వేచ్ఛ ఇచ్చిన సాధనం రేపు కస్టమరు నిజంగా తప్పు చెప్పిన అంకెను కూడా దిద్దేస్తుంది. అనుమానమున్న అంకెను ఉన్నది ఉన్నట్టు చూపించమని చెప్పడమే క్షేమం.

ఉల్లేఖించిన వాక్యం నిజంగా ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉందా అన్నది మళ్లీ ఏఐనే అడగనక్కర లేదు. స్ప్రెడ్‌షీట్‌లోనో, చిన్న ప్రోగ్రాముతోనో ఆ వాక్యాన్ని వెతికితే చాలు, దొరకని జవాబులన్నీ పక్కకు తీసేయండి. ఇంత తేలికైన తనిఖీని చాలామంది ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

పొడవాటి పాఠంలో మధ్యభాగంలో ఉన్న విషయాలను భాషా నమూనాలు (ఇలాంటి ఏఐ సాధనాల వెనుక పనిచేసేవి) మొదటి, చివరి భాగాలంత బాగా పట్టుకోలేవని 2023లో వచ్చిన పరిశోధన చూపింది. ఆ తరువాతి నమూనాలు చాలా మెరుగుపడ్డాయి. అయినా అరగంట దాటిన కాల్‌ను రెండు ముక్కలు చేసి, ముందుగా సంబంధిత వాక్యాలను మాత్రం ఏరించి, ఏరిన వాక్యాల మీద రెండవసారి ప్రశ్న అడగడం నాకు అలవాటు. ప్రాంప్ట్ తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా అని చాలామంది అడుగుతుంటారు. సూచనలు ఏ భాషలో ఉన్నా ఫరవాలేదు, మీ సాధనం దేనికి బాగా స్పందిస్తుందో చూసుకోండి. కాల్‌ను మాత్రం ఇంగ్లీషులోకి అనువదించి విశ్లేషించవద్దు. "చూద్దాం లెండి" అన్నదాంట్లో ఆ "లెండి" అనువాదంలో రాలిపోతుంది, మీకు కావలసింది అదే.

ప్రశ్న అడిగినవారు, తొమ్మిది రోజుల తరువాత

ఇద్దరికీ కృతజ్ఞతలు. జరిగింది చెబుతాను. పాత కాల్స్‌లో, చివరకు కొన్నారో లేదో మాకు ఇప్పటికే తెలిసినవి ఇరవై ఐదు తీసుకుని కొత్త ప్రాంప్ట్‌తో పరీక్షించాను. మర్యాదకు సరే అన్నవాళ్లందరూ ఆసక్తి జాబితా నుంచి బయటికి పోయారు. అయితే కొన్నవాళ్లు ఇద్దరు కూడా వాళ్లతో పాటే బయటికి పోయారు. ఆ రెండు కాల్స్ వింటే కారణం తెలిసింది. ఒకరు "ఆషాఢం వెళ్లాక రండి" అన్నారు, మరొకరు "కోతలు అయ్యాక" అన్నారు. సాధనం దృష్టిలో అవి తేదీలు కావు, వాయిదాలు. మాకు మాత్రం అంతకంటే గట్టి తేదీ ఉండదు. ఇప్పుడు తెలుగు నెలలు, పండుగలు, పంటల కాలం, జీతం పడే రోజు, ఇవన్నీ సమయం చెప్పినట్టే లెక్కించమని చేర్చాను.

తప్పుడు వాగ్దానాలు పట్టుకోవడానికి వేరే ప్రాంప్ట్ రాశాను. అందులో పథకం వివరాలు ముందే ఇచ్చాను: కేంద్ర సబ్సిడీ 1 కిలోవాట్‌కు 30,000 రూపాయలు, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టుకున్నా 78,000, ఆ సొమ్ము ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ పెట్టి, డిస్కం తనిఖీ పూర్తయిన తరువాత వినియోగదారుని బ్యాంకు ఖాతాకే వస్తుంది, దేశీయంగా తయారైన డీసీఆర్ ప్యానెళ్లకే వర్తిస్తుంది. వీటికి విరుద్ధంగా టెలికాలర్ అన్న వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు చూపించమన్నాను.

ఇరవై ఐదింటిలో పదకొండు కాల్స్‌లో ఒకే వాక్యం బయటపడింది: "సబ్సిడీ పోగా మీరు కట్టేది ఇంతే." ఆరుగురూ అదే మాట అంటున్నారు. మొదట వాళ్ల మీద కోపం వచ్చింది. తీరా చూస్తే ఆ వాక్యం నేనే స్వయంగా తయారు చేసి వాళ్ల బల్లల మీద అతికించిన కాగితంలో ఉంది. ముందుగా మొత్తం సొమ్ము కట్టాలనీ, సబ్సిడీ తరువాత వస్తుందనీ అందులో ఎక్కడా లేదు. ఇల్లు చూసి వచ్చాక రద్దయిన ఆర్డర్లకు ధర ఎక్కువ కావడమే కారణమని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఇప్పుడు రెండు సందేహాలు. గొంతులో ఉత్సాహం, విసుగు వంటివి కొలవడానికి ప్రాంప్ట్ ఎలా రాయాలి? నెలకొకసారి కాల్స్ అన్నీ కలిపి ఇచ్చి, కస్టమర్లు ఎక్కువగా దేనికి అభ్యంతరం చెబుతున్నారో అడగవచ్చా?

జవాబు 3: ఏడేళ్లు టెలికాలర్‌గా చేసి, ఇప్పుడు శిక్షణ ఇస్తున్న మహిళ, విశాఖపట్నం

మొదటి సందేహానికి నా జవాబు, రాయవద్దు. అక్షరాలలో గొంతు ఉండదు. ట్రాన్స్‌క్రిప్ట్ ఇచ్చి ఉత్సాహం ఎంత అని అడిగితే అది ఏదో ఒకటి చెబుతుంది, మీరు దాన్ని నమ్మి ఎవరో ఒకరి జీతంలో కోత పెడతారు. నేను పనిచేసిన ఒక చోట "చిరునవ్వు సూచిక" అని ఒకటి ఉండేది. గోదావరి యాసలో నెమ్మదిగా, దీర్ఘాలు తీస్తూ మాట్లాడే అమ్మాయికి ఎప్పుడూ తక్కువే వచ్చేది. ఆమె కస్టమర్లు మాత్రం ఆమె పేరు చెప్పి మరీ మళ్లీ ఫోన్ చేసేవారు.

కాగితం తప్పు మీదేనని ఇక్కడ రాసినందుకు మిమ్మల్ని అభినందిస్తున్నానండీ, చాలామంది రాయరు. అందుకే ఒక మాట అడగాలనిపిస్తోంది. మీ టెలికాలర్లకు ఈ ప్రాంప్ట్ చూపించారా? వాళ్లకు చూపించి, "మీరైతే కొనేవారిని ఎలా గుర్తుపడతారు" అని అడగండి. ఆషాఢం సంగతి మీకు తొమ్మిది రోజులకు తెలిసింది, వాళ్లు మొదటి రోజే చెప్పేవారు. వాళ్ల మీద వచ్చే ప్రతి ఫలితాన్నీ, రుజువు వాక్యంతో సహా, ముందు వాళ్లే చూసి "ఇది నేనన్నది కాదు" అని చెప్పే వీలు ఇవ్వండి. రెండవ జవాబులో చెప్పిన ప్రశ్న, వాక్యం తారుమారు సంగతి వింటేనే నాకు గుండె దడగా ఉంది, నా మీద అలాంటి ఫిర్యాదులు ఎన్ని పడ్డాయో.

ఇంకొకటి, కస్టమర్ల సమాచారం. సర్వీసు నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా వంటివి ఫోన్‌లో చదివి వినిపించేవారు ఎందరో ఉంటారు. ట్రాన్స్‌క్రిప్ట్‌ను బయటి సాధనానికి పంపే ముందే వాటిని తొలగించండి. "వాటిని పట్టించుకోవద్దు" అని ప్రాంప్ట్‌లో రాస్తే సరిపోదు, అప్పటికే అవి అవతలికి వెళ్లిపోయాయి. మన దేశంలో 2023లోనే వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. కాల్ రికార్డు అవుతోందనీ, దాన్ని ఎందుకు వాడుకుంటారనీ ముందే చెప్పే అలవాటు చేసుకోవడం మీకే మంచిది.

జవాబు 4: మొదటి జవాబు ఇచ్చిన వ్యక్తి

గొంతు విషయంలో మేడమ్ గారి మాటే నా మాట. జీతాలకు ముడిపెట్టడం గురించి మాత్రం నేను కొద్దిగా విభేదిస్తాను. బిల్లు మొత్తం అడిగారా లేదా అన్నది రుజువుతో తేలే విషయం, దాన్ని ప్రోత్సాహకానికి లెక్కించడంలో తప్పులేదు. కాకపోతే టెలికాలర్ ఒప్పుకున్న ఫలితాలనే లెక్కించాలి.

మీ రెండవ సందేహానికి వస్తే, నెల కాల్స్ అన్నీ ఒకేసారి పోసి "ఎక్కువగా దేనికి అభ్యంతరం" అని అడగవద్దు. లెక్కపెట్టడం ఏఐ పని కాదు, అది ధర అని చెబుతుంది, అది నిజమో కాదో మీకు తెలిసే దారి ఉండదు. ప్రతి కాల్‌కూ విడిగా, "కస్టమరు చెప్పిన అభ్యంతరాన్ని ఈ ఎనిమిదింటిలో ఒక రకంగా వర్గీకరించు, దేనిలోనూ ఇమడకపోతే 'ఇతర' అని రాసి వాక్యం చూపించు" అని అడిగి, ఫలితాన్ని స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరుసగా వేసుకోండి. నెలాఖరున లెక్క స్ప్రెడ్‌షీట్ చేస్తుంది. ఎనిమిది రకాలేమిటో మీ టెలికాలర్లతో కూర్చుని తేల్చండి. "ఇతర" కింద పడినవాటిని మాత్రం మీరే చదవండి. కాగితంలోని వాక్యం లాంటిది మళ్లీ దొరికితే అక్కడే దొరుకుతుంది.

ప్రాంప్ట్ మార్చిన ప్రతిసారీ తేదీ వేసి పాతదాన్ని దాచుకోండి, ఆ ఇరవై ఐదు కాల్స్ మీద మళ్లీ నడపండి. ఆషాఢం వాక్యం చేర్చాక అంతకుముందు సరిగ్గా వచ్చినవి చెడలేదు కదా? "పండగ అయ్యాక చూద్దాం" అన్నవారు ఇప్పుడు ఆసక్తి జాబితాలోకి తిరిగి వచ్చేసి ఉంటారని నా అనుమానం.

ప్రశ్న అడిగినవారు

మీ అనుమానం నిజమే, నలుగురు వచ్చేశారు. "అయ్యాక" తరువాత "రండి", "పంపండి", "మొదలుపెట్టండి" వంటి క్రియ ఉంటేనే సమయంగా లెక్కించాలని, "చూద్దాం", "ఆలోచిద్దాం" ఉంటే వద్దని మా టెలికాలర్లలో ఒకామె సూచించారు. ఆమె చెప్పినట్టే రాశాను, ముగ్గురు వెళ్లిపోయారు. నాలుగో ఆయన "సంక్రాంతి అయ్యాక మీరే ఒకసారి ఫోన్ చేసి గుర్తుచేయండి" అన్నారు. ఆయనను ఎటు వేయాలో మా ఆఫీసులో ఇంకా తేలలేదు. కాబట్టి సాధనం "స్పష్టంగా లేదు" అని రాసినదాన్ని అలాగే ఉంచి, ఫోన్ చేయవలసిన తేదీ మాత్రం క్యాలెండరులో వేసుకున్నాము.